పద్దుల శ్రవణము

సంవత్సరము ఎప్పుడు మారునని అడిగినచో మన ఉత్తర తెలంగాణమున ఒక్కొక్కరు ఒక్కొక్క దినము చెప్పుదురు. ధర్మపురి గోదావరి యొడ్డున నుండు పురోహితుడు చైత్ర శుద్ధ పాడ్యమి యనును. కరీంనగరు బజారులోని మార్వాడీ వర్తకుడు దీపావళి యనును. మసీదులోని మౌల్వీగారు మొహర్రము నెలవంక యనును. ఖజానా కచేరీలోని గుమాస్తా ఏప్రిలు 1వ తేది యనును. కళాశాల విద్యార్థి జనవరి 1వ తేది యనును. జగిత్యాల ప్రాంతపు రైతు నడిగిన, మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి కురిసిననాడే తనకు ఏడు మారినట్లని చెప్పును. వీనిలో నిజమైన సంవత్సరాది యేది యను వాదము వ్యర్థము. అన్నియు నిజమైనవే. మనము విచారింపవలసిన దొక్కటే: సంవత్సరము మారినప్పుడు మనుష్యుని బ్రతుకులో ఏమి మారవలెను?

ఏ జాతియందైనను సంవత్సరాదికి రెండు ముఖములు కలవు. ఒకటి ఉత్సవము. రెండవది లెక్క. ఇల్లు అలికి, తోరణము గట్టి, క్రొత్త బట్ట కట్టుట మొదటిది. గడచిన యేటిలో ఎవరికి ఎవరు ఏమి ఋణపడిరో చూచుకొని, తీర్పవలసినది తీర్చి, క్షమింపవలసినది క్షమించుట రెండవది. మొదటి ముఖమును మనము భద్రముగా కాపాడుకొనుచున్నాము. రెండవ దానిని మాత్రము పుస్తకము చేతనున్న కొందరికి విడిచిపెట్టితిమి. ఈ విడిచిపెట్టుటవలన కలిగిన నష్టమును గూర్చి పాఠకులకు మనవి చేయుటే నేటి మా యుద్దేశము.

మన పంచాంగమునే మొదట చూతము. పండ్రెండు చాంద్రమాసములకు సుమారు 354 దినములు. సూర్యుని సంవత్సరమునకు 365 దినములకు పైచిలుకు. ఏటేట పదునొకండు దినములు తరుగు పడును. ఈ తరుగును అట్లే విడిచినచో ఉగాది క్రమముగా మాఘమాసపు చలిలోనికిని, పిదప కార్తికపు కోతలలోనికిని జారిపోవును. అందుచే మన పూర్వులు 19 సంవత్సరములకు 7 అధికమాసములను చేర్చి ఋతువుతో లెక్క సరిచేసిరి. విశ్వావసు సంవత్సరము 2025 మార్చి 30న ప్రవేశించినది. పరాభవ సంవత్సరాది 2026 మార్చి 19నకు వెనుకబడినది. పరాభవలో జ్యేష్ఠము అధికమగుటచే ప్లవంగ సంవత్సరాది 2027 ఏప్రిలు 7నకు పోవును. ఋతువునకు పడిన బాకీని మూడేండ్లకు మించి నిలువ నుంచని జాతి, మనుష్యునికి మనుష్యుడు పడిన బాకీని మూడు తరములు నిలువ నుంచుట వింత గాదా?

ఆదిలాబాదు మొదలు మహారాష్ట్రపు సరిహద్దు వరకుగల మరాఠీ కుటుంబములవారు ఆ చైత్ర పాడ్యమినాడే గుడి నెత్తి పాడ్వా జరుపుదురు. మనము వేపపువ్వు, చింతపండు, బెల్లము, మామిడికాయ కలిపిన పచ్చడిని క్రొత్తకుండలో చేసి, భక్ష్యములతో భుజింతుము. భాష వేరైనను దినమొక్కటే. స్వతంత్ర భారత ప్రభుత్వము మేఘనాథ సాహాగారి అధ్యక్షతన 1952లో పంచాంగ సంస్కరణ సంఘమును నియమించి, దాని సలహాపై 1957 మార్చి 22నుండి శక సంవత్సరమును జాతీయ పంచాంగముగా స్వీకరించినది. అది రాజపత్రముపై అచ్చుపడుచున్నది గాని ప్రజల గడప దాటి లోపలికి రాలేదు. ఏలయనగా ప్రజలు సంవత్సరమును రాజశాసనమునుబట్టి గాక, తాము చేయు పనినిబట్టి లెక్కింతురు.

పన్ను వసూలు చేయువానికి ఈ సత్యము అందరికంటె ముందు తెలిసినది. హిజ్రీ సంవత్సరము శుద్ధ చాంద్రమానము. దానికి అధికమాసము లేదు. అందుచే అది ఋతువులన్నిటిలోను తిరుగుచుండును. భక్తుని ఉపవాసమునకు ఇందువలన లోపము లేదు. కాని పంట యింటికి రాకమునుపే శిస్తు గడువు వచ్చిన, రైతు ఎక్కడనుండి కట్టును? ఈ చిక్కునుబట్టియే అక్బరు కాలమున ఉత్తర హిందూస్థానమునను, షాజహాను కాలమున దక్కనునందును ఫస్లీ యను పంటల సంవత్సరము పుట్టినది. దక్కనులో క్రీ.శ. 1636 ప్రాంతమున హిజ్రీయు ఫస్లీయు 1046 అను ఒకే అంకెతో బయలుదేరినవి. నేటికి ఫస్లీ హిజ్రీకంటె సుమారు పండ్రెండేండ్లు వెనుకబడియున్నది. ప్రార్థనకొక సంవత్సరము, పన్నుకొక సంవత్సరము.

నిజాము రాజ్యమున ఫస్లీ అజుర్ నెలతో మొదలై ఆబాన్ నెలతో ముగియుచుండెడిది. పాత సేత్వారులు, పహాణీలు తిరుగవేయు న్యాయవాదికి ఆ లెక్క తెలియక నేటికిని గడవదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో చేరినది 1357 ఫస్లీ. జాగీరుల రద్దు శాసనము వచ్చినది 1358 ఫస్లీ. ఆ అంకెలు మన రైతుల నొసటి వ్రాతలవంటివి. వానిని వ్రాసినవారు పట్వారీలు. చదువగలిగినవారు దొరలు. వేలిముద్ర వేసినవారు మాత్రము ప్రజలు.

ఇక వర్తకుల సంగతి. దీపావళినాడు లక్ష్మీపూజచేసి, ఎఱ్ఱబట్ట అట్ట వేసిన క్రొత్త లెక్కల పుస్తకమునకు పసుపు కుంకుమలు పెట్టి, మొదటి పుటపై శ్రీకారము చుట్టుదురు. వంగదేశమున వైశాఖపు మొదటిదినమున ఇట్లే హాల్‌ఖాతా యను పేర క్రొత్త పుస్తకము తెరచి, ఖాతాదారులను పిలిచి మిఠాయి పెట్టుదురు. ఈ యాచారములు మంచివే. వ్యాపారమునకు నమ్మకము ప్రాణము. నమ్మకమునకు లెక్క ప్రాణము. కాని ఒక మాట గమనింపుడు. ఆ క్రొత్త పుస్తకములో మొదటి పంక్తి దేవుని పేరు, రెండవ పంక్తి పాత బాకీ. పుస్తకము మారును గాని బాకీ మారదు. వర్తకుడు వర్తకునితో లెక్క చూచుకొన్నప్పుడు ఇద్దరికిని చదువు కలదు. చదువురాని రైతు ఎదుట కూర్చున్నప్పుడు ఆ రెండవ పంక్తిలో ఏ అంకె దిగినదో దేవునికే యెఱుక.

మన గ్రామములలో ఉగాది మరియొక కారణముచేతను ముఖ్యమైన దినము. పలుచోట్ల జీతగాని యొడంబడిక ఉగాదినుండి ఉగాదివరకు. ఆనాడు పాత జీతము ముగిసి క్రొత్త జీతము మాటాడుకొనుట వాడుక. వినుటకు ఇది న్యాయముగనే యున్నది. కాని పెండ్లికో, రోగమునకో, చావునకో తండ్రి తెచ్చిన అప్పు కుమారుని జీతమునుండి తీరదు. వడ్డీ జీతమును మ్రింగును. అసలు మరుసటి యుగాదికి అట్లే నిలుచును. భాగేలా యని పేరుపొందిన ఈ పద్ధతిలో సంవత్సరము చక్రమువలె తిరుగుచుండెను. మనుష్యుడు గానుగెద్దువలె ఆ చక్రమునకు కట్టబడి యుండెను. అట్టివానికి ఆరు రుచులలో చేదు తప్ప తక్కిన అయిదును దొర యింటనే మిగిలెను.

దీనిని సహింపని పెద్దలు మన ప్రాంతమున లేకపోలేదు. 1930లో జోగిపేటలో మొదలైన నిజామాంధ్ర మహాసభ 1935లో మన సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన జరిగినది. వెట్టిచాకిరి ప్రశ్నను ఆ యుద్యమము ఇంటింటికి తీసికొనిపోయినది. ఆ పిమ్మట స్వాతంత్ర్యము వచ్చినది, జాగీరులు పోయినవి. అయినను భారత పార్లమెంటు వెట్టి కార్మిక పద్ధతిని రద్దుచేయు శాసనమును 1976లో చేయవలసి వచ్చినది. శాసనము వచ్చిన రెండేండ్లకు, 1978 సెప్టెంబరులో, జగిత్యాలలో వేలాది రైతుకూలీలు జైత్రయాత్రగా కదలిరి. ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. ఆ యుద్యమపు మార్గమును మెచ్చువారు కలరు, మెచ్చనివారు కలరు. కాని దానికి మూలమైన ఆకలిని కాదనువారు లేరు. పుస్తకములో నిలిచిపోయిన లెక్క వీథిలో తేల్చుకొనబడును. ఇది చరిత్ర చెప్పు పాఠము.

నేడు భాగేలా పేరు వినబడదు. కాని దాని బంధువులు బ్రతికియే యున్నారు. విత్తనములు, ఎరువులు అరువు తెచ్చి, పంటను ఆ అరువిచ్చిన కొట్టునకే తోలు కౌలురైతు ఉన్నాడు. ఏజెంటుకు అప్పుచేసి పైకమిచ్చి దుబాయికి, మస్కటుకు పోయి, మొదటి రెండేండ్ల సంపాదన ఆ అప్పునకే ధారపోయు జగిత్యాల, నిర్మలు యువకుడు ఉన్నాడు. నూలు ఆసామిది, మగ్గము మరియొకనిది, చెమట తనదియైన సిరిసిల్ల నేతపనివాడు ఉన్నాడు. వీరికి ఉగాది శుభాకాంక్షలు చెప్పుట సులభము. వీరి లెక్క యెవరి పుస్తకములో ఎట్లున్నదని అడుగుట కష్టము.

ఇప్పుడు ఆదిలాబాదు అడవులవైపు తిరుగుదము. ఇంద్రవెల్లి సమీపమున కేస్లాపురములో పుష్యమాసపు అమావాస్యనాడు గోండులలోని మెస్రం వంశమువారు నాగోబాను పూజింతురు. అంతకు ముందు వారు పాదరక్షలు లేక నడచి హస్తినమడుగునకు పోయి గోదావరి జలమును కలశమున తెత్తురు. క్రొత్తకుండలలో నీరుతెచ్చి పని సాగింతురు. ఆ యేడు వంశములోనికి వచ్చిన క్రొత్త కోడండ్రను దేవునియెదుటను, పెద్దలయెదుటను నిలిపి పరిచయము చేయుదురు. దానిని భేటింగు అందురు. ఆ పరిచయము జరిగిన పిమ్మటనే ఆమె ఆ వంశపు కోడలు. ఈ పండుగను వారు సంవత్సరాది యని పిలువరు. అయినను సంవత్సరాదికి కావలసిన సారమంతయు ఇందు కలదు: క్రొత్తనీరు, క్రొత్తకుండ, క్రొత్తమనుష్యునికి సంఘములో చోటు.

ఇంకొకటియు కలదు. 1940లో జోడేఘాటులో కొమరం భీము నేలకొరగిన పిమ్మట, గోండుల అశాంతికి కారణమేమో తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము హైమండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుని పంపినది. ఆ దశకములోనే ఆయన ప్రోద్బలముచే నాగోబా జాతరలో దర్బారు మొదలైనది. వేలమంది గిరిజనులు కూడునప్పుడు అధికారులే అక్కడికి వచ్చి ఫిర్యాదులు వినుట దాని ఉద్దేశము. అది నేటికిని జరుగుచున్నది. అధికారి కచేరీకి ప్రజలు పోవుట మామూలు. ప్రజల పండుగకు అధికారి వచ్చి జవాబు చెప్పుట విశేషము. అయితే వినుట వేరు, తీర్చుట వేరు. ఆ కేస్లాపురమునకు కూతవేటు దూరమునగల ఇంద్రవెల్లిలోనే 1981 ఏప్రిలు 20న భూమిహక్కులకై కూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. దర్బారు ఉండియు బాకీ తీరకపోయిన ఏమగునో ఆ దినము తెలిపినది.

ఈ దర్బారు భావము మనకు మాత్రమే చెందినది కాదు. సంవత్సరాదినాడు ఏలువాడు ప్రజలకు జవాబు చెప్పుట అతి ప్రాచీనమైన ధర్మము. బాబిలోనులో వసంతకాలపు సంవత్సరాదికి అకీతు అని పేరు. ఆనాడు పూజారి రాజుయొక్క దండమును, కిరీటమును తీసివైచి, చెంపపై కొట్టుచుండెను. నేను నగరము నుపేక్షింపలేదు, ప్రజలను అవమానింపలేదు అని రాజు దేవునియెదుట ప్రమాణముచేసిన పిదపనే కిరీటము మరల అతని తలకెక్కెడిది. యూదులు తిష్రీ నెలలో సంవత్సరాది జరుపుచు, ఆ దినములలో దేవుడు ప్రతివాని లెక్క చూచునని నమ్ముదురు. ఏడేండ్ల కొకమారు ఋణములను విడిచిపెట్టవలెనని వారి ప్రాచీన ధర్మశాస్త్రము విధించినది. చీనా దేశమున క్రొత్త సంవత్సరము రాకమునుపే అప్పులు తీర్చుకొనుట పూర్వాచారము. పారసీకులు నౌరోజుకు ముందు ఇల్లంతయు కడిగి, విషువత్తునాడు సంవత్సరమును పిలుతురు. మొహర్రములో మన పల్లెల హిందువులును ముసల్మానులును కలిసి పీరీల నెత్తునప్పుడు స్మరింపబడునది అన్యాయమునకు తలయొగ్గక ప్రాణము లిచ్చిన హుసేనుగారి త్యాగమే. సంతోషముతో గాక ధర్మస్మరణముతో మొదలగు సంవత్సరమును ఒకటి యున్నదని మనము తెలిసికొనవలెను.

ఆంగ్లేయుల కథ ఇంకను చిత్రమైనది. 1752వరకు ఇంగ్లండులో శాసనరీత్యా సంవత్సరము మార్చి 25నుండి మొదలగుచుండెను. అది కౌళ్లు చెల్లించు దినము గూడ. సంవత్సరాదిని జనవరి 1నకు మార్చినప్పుడును వారి పన్నుల సంవత్సరము మాత్రము పాతచోటనే వ్రేలాడి, దినముల సవరణతో ఏప్రిలు 6న నిలిచినది. భారతప్రభుత్వపు లెక్కల సంవత్సరము 1867నుండి ఏప్రిలు 1నకు రావడము ఆ దేశపు వాడుక ననుసరించియే. ఆ విధముగ పరాయి పాలకుడు తన సౌకర్యమునకు ఏర్పరచిన లెక్కల దినము దైవికముగా మన ఉగాదికి ప్రక్కనే వచ్చి కూర్చున్నది. ఈ పొరుగును మనము ఉపయోగించుకొనరాదా?

ఉగాది సాయంకాలమున మనము పంచాంగ శ్రవణము చేయుదుము. వేములవాడ రాజన్న కోవెలలో, ధర్మపురి నరసింహస్వామి సన్నిధిని, ఊరూర ఆంజనేయుని గుడి అరుగుపైని జనము కూడుదురు. ఈ యేటికి రాజెవరు, మంత్రి యెవరు, సస్యాధిపతి యెవరు, వాన యెన్ని ఆఢకములు అని విందురు. పిదప ప్రతివాడును చెవులు రిక్కించి తన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని విని, ఆదాయము రెండును వ్యయము పదునాలుగును అయిన నవ్వుకొని ఇంటికి పోవుదురు. గమనింపుడు! మన పూర్వులు సంవత్సరాదినాడు బహిరంగముగా చదువుటకు ఎన్నుకొన్నది జమాఖర్చు. గ్రహముల జమాఖర్చును ఇంత శ్రద్ధగా వినువారము, మన గ్రామపు జమాఖర్చును ఏల వినరాదు? నవనాయకులలో మంత్రి బుధుడో శుక్రుడో తెలిసికొన్నవారము, మన పంచాయతికి వచ్చిన పైకమెంతో, పోయినదెంతో ఏల తెలిసికొనరాదు?

కావున మా సూచన ఇది. పంచాంగ శ్రవణమునకు తోడు పద్దుల శ్రవణము జరుగవలెను. ఉగాది వారములో ఒక సాయంకాలము, ఊరందరును రాదగిన బయలుచోట, గ్రామపంచాయతి సంవత్సరపు లెక్క గట్టిగా చదువవలెను. చదువవలసినవి అయిదు: వచ్చినదెంత, ఖర్చయినదెంత, నిలువ యెంత, పంచాయతి ఇతరులకు చెల్లింపవలసినదెంత, పంచాయతికి రావలసినదెంత. పిమ్మట నాగోబా దర్బారువలె ఫిర్యాదులు వినవలెను. ప్రతి ఫిర్యాదునకు ఎదుట ఒక గడువు వ్రాయవలెను. మరుసటి యుగాదికి మొదట చదువవలసినది ఆ గడువుల పట్టికయే. ఉగాది మార్చిలో వచ్చి లెక్క యింకను ముగియకున్నచో, ఆనాటివరకు అయిన లెక్క చదివిన చాలును.

ఇందులకు క్రొత్త శాసనమక్కరలేదు. 1993 ఏప్రిలు 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము గ్రామసభకు స్థానమిచ్చినది. ఆదిలాబాదు షెడ్యూల్డు ప్రాంతములకు వర్తించు 1996నాటి కేంద్రశాసనము, పంచాయతి తాను ఖర్చుపెట్టిన పైకమునకు గ్రామసభ యొద్ద ధ్రువపత్రము పొందవలెనని స్పష్టముగ చెప్పినది. ఇది అసాధ్యమనువారికి ఒక నిదర్శనము చూపుదుము. ఉపాధి హామీ చట్టముక్రింద 2006నుండి నాటి ఆంధ్రప్రదేశములో సామాజిక తనిఖీలు జరిగినవి. హాజరుపట్టీలను గ్రామసభలో పేరుపేరున చదువగా, పనికి రానివాని పేర కూలి వ్రాసిన సంగతులు బయటపడినవి. చదువురాని కూలివాడు తన పేరు తాను విని, నేను ఆ పని చేయలేదు అని నిలిచి చెప్పగలిగెను. చెవికి అక్షరాస్యత అక్కరలేదు. బిగ్గరగా చదువబడిన లెక్కకు ప్రతివాడును తనిఖీదారుడే.

పండుగనాడు పద్దులేల యని కొందరు ఆక్షేపింతురు. ఉత్సవములోనికి రాజకీయము తెచ్చుట తగదందురు. పద్దు చదువుట రాజకీయము కాదు. పద్దు దాచుటయే రాజకీయము. మరికొందరు, ఉగాది హిందువుల పండుగ గదా, ముసల్మానులును, క్రైస్తవులును, గోండులును ఎట్లు వత్తురందురు. పచ్చడి యెవరి యింట వారు తిందురు గాక. పద్దు మాత్రము అందరిది. గుడి అరుగు కొందరికి అడ్డమైనచో బడి ఆవరణము కలదు. కేస్లాపురమున పుష్య అమావాస్యయు, బొగ్గుగనుల ఊళ్లలో సింగరేణి లాభముల వాటాకై కార్మికులు ఎదురుచూచు దసరా దినములును ఇందులకు అనుకూలమైనచో అట్లే కానిండు. దినము ముఖ్యము కాదు, చదువుట ముఖ్యము.

ఇందులో పట్టణవాసులకును, పఠనమందిరముల మిత్రులకును ప్రత్యేకమైన విధి కలదు. మన ప్రాంతపు గ్రంథాలయములు పత్రికను ఒకడు చదువగా పదిమంది వినుటతో పెరిగినవి. ఆ అలవాటునే ఇప్పుడు లెక్కలకు ఉపయోగింపవలెను. ముందు మీ పురపాలక సంఘపు ఆదాయవ్యయ పట్టికను తెప్పించి మీ మందిరములో చదువుడు. తెలియని పద్దును తెలిసినవారిచే చెప్పించుకొనుడు. పిదప ఇద్దరు ముగ్గురు చొప్పున మీ స్వగ్రామములకు పోయి, సర్పంచిగారికి సాయపడి, ఆ కాగితములను తేటతెనుగులో పెట్టి చదువుడు. 2025 డిసెంబరులో ఎన్నికలు జరుగువరకు మన పంచాయతులు దాదాపు రెండేండ్లు ప్రత్యేకాధికారుల చేతిలో నుండినవి. క్రొత్తగా వచ్చిన సర్పంచులలో పెక్కుమందికి పుస్తకము చేతబట్టుట ఇదే మొదలు. వారిని దోషులుగా నిలబెట్టుట మన పని కాదు. ఆరంభముననే మంచి యలవాటు చేయించుట మన పని. నిజాయితీగల సర్పంచికి బహిరంగ పఠనమును మించిన రక్షణ లేదు.

పరాభవయైనను, ప్లవంగయైనను, సంవత్సరపు పేరులో శుభాశుభములు లేవు. అరువది సంవత్సరములు తిరిగి మరల వచ్చును. అరువది యేండ్ల క్రిందటి పరాభవలో మన తాతలు ఏ పుస్తకమునకు వేలిముద్ర వేసిరో తెలియక వేసిరి. అరువది యేండ్ల పిమ్మట వచ్చు పరాభవలో మన మనుమలు ఆ పుస్తకమును తామే తెరచి, తామే చదివి, తప్పున్న దిద్దించుకొనవలెను. ఆనాడు వేపపువ్వు చేదు అందరికిని సమానముగా పంచబడును. బెల్లపు తీపియు అట్లే.